జ్యూరీ గదిలో నవ్వు

కోర్టు భవనం ప్లాను గీయడానికి కూర్చున్నప్పుడు అందరూ జడ్జి కుర్చీ దగ్గర మొదలుపెడతారు. నేను టాయ్‌లెట్ల దగ్గర మొదలుపెడతాను. లాటరీ తీసి పిలిచిన పన్నెండు మందిని ఒక గదిలో కూర్చోబెట్టి, తేల్చే దాకా లేవొద్దని తలుపేస్తారు. వాళ్ళలో గొర్రెల రైతు ఉంటాడు, పంతులమ్మ ఉంటుంది, అప్పటిదాకా కోర్టు గుమ్మం తొక్కని టైర్ల షాపాయన ఉంటాడు. ఒక మనిషి జైలుకెళ్ళాలా ఇంటికెళ్ళాలా అని వాళ్ళు కిందా మీదా పడుతుంటే, టాయ్‌లెట్ తలుపు ఆ గదిలోకే తెరుచుకుని లోపలి చప్పుళ్ళన్నీ చెవిన పడుతుంటే ఎవరి బుర్ర పనిచేస్తుంది? ఏళ్ళ తరబడి ఇదే మొత్తుకుంటున్నాను. సర్కారు వాళ్ళు బుద్ధిగా తలూపి, ఆ డబ్బుతో ముందు మెట్లకి నాపరాయి వేయిస్తారు.

మా ఊరు విరబీన్ కోర్టు పని కూడా నాకే వచ్చింది. పాత కోర్టు వెనక భాగం పడగొట్టి ఆఫీసులూ జ్యూరీ గదులూ కొత్తగా కట్టాలి. ఆఫీసుల సంగతి అడక్కండి. జడ్జి గారి సిబ్బంది కిటికీల కోసం, రిజిస్ట్రార్ గారి మనుషులు కెటిల్ పెట్టుకునే గట్టు కోసం నా ప్రాణాలు తోడేశారు. జ్యూరీ తరఫున మాట్లాడే దిక్కు మాత్రం లేదు. ఎలా ఉంటుంది? వాళ్ళు వస్తారు, తీర్పు చెప్తారు, ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఆ గదిలో కేసు గురించి ఏం మాట్లాడుకున్నారో బయట చెప్పడం నేరం.

నేరమని మా ఇంట్లో ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. ఇందాక చెప్పిన టైర్ల షాపాయన నా మొగుడు నెవిల్.

తొమ్మిదేళ్ళ కిందట ఈ పాత కోర్టులోనే జ్యూరీలో కూర్చున్నాడు. బ్రియోనీ అనే అమ్మాయి పొలంలోని చెరువులో మునిగి చనిపోయింది. ఆమెతో కలిసి ఉంటున్న కుర్రాడే ముంచేశాడని కేసు. విచారణ నెల రోజులు నడిచింది. ఆ తర్వాత పన్నెండు మందీ రోజుల తరబడి ఆ గదిలో కూర్చుని, చివరికి నేరం రుజువు కాలేదన్నారు. కుర్రాడు విడుదలయ్యాడు. నెవిల్ ఇంటికొచ్చి రెండు రోజులు షెడ్డులో కూర్చున్నాడు. అంతకుముందు శనివారం వస్తే చాలు, ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి రిఫరీగా పరిగెత్తేవాడు. ఆ వారమే ఈల తీసుకెళ్ళి క్లబ్బు వాళ్ళకి ఇచ్చేశాడు. ఎందుకయ్యా అని స్నేహితులు అడిగితే మోకాళ్ళ నొప్పులన్నాడు. ఆ మోకాళ్ళతోనే రోజంతా లారీ టైర్లు దొర్లిస్తాడు. చట్టమంటే నెవిల్‌కి చట్టమే. ఆ గదిలో మీకేం బిస్కెట్లు పెట్టారోయ్ అని ఒకసారి సరదాకి అడిగితే, "అడక్కు రోవీ" అని లేచి పెరట్లోకి పోయాడు. ఆ పూట నాకు నిజంగా భయమేసింది.

కొత్త భవనం నమూనా ఊళ్ళో వాళ్ళకి చూపించాలని ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లో మీటింగు పెట్టాం. అట్టతో చేసిన ఆ నమూనా నా కారులో పట్టలేదు. నెవిల్ తన ట్రక్కులో తెచ్చాడు. దించేసి వెళ్ళిపోతానన్నవాడు, టీ పోసే బల్ల దగ్గర ఎవరో పలకరిస్తే అక్కడే నిలబడిపోయాడు.

నేననుకున్న ప్రశ్నలే వచ్చాయి. పార్కింగ్ ఎక్కడ, ర్యాంపు ఎక్కడ, పాత గడియారం ఉంచుతారా పీకేస్తారా. కాఫీ మిషను పెడితే తన వ్యాపారం ఏం కావాలని ఎదుటి వీధి బేకరీ ఆవిడ దెబ్బలాడింది. "నువ్వు మంచి కాఫీ పెట్టడం నేర్చుకుంటే సరిపోదా?" అని వెనకనుంచి ఎవరో అనేసరికి హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వులు ఇంకా ఆగకముందే నీలం కోటు వేసుకున్న పెద్దావిడ ఒకరు లేచి నిలబడ్డారు.

"ఆ జ్యూరీ గది గోడ ఎంత మందం కడతావమ్మాయ్?"

"బాగా మందంగానే అండీ. రెండు పొరల గోడ, మధ్యలో..."

"ఆ లెక్కలు నాకెందుకులే. అవతల వాళ్ళు నవ్వితే ఇవతల వినపడుతుందా, అది చెప్పు."

"వినపడదండీ. ఎందుకలా అడిగారు?"

"నా పేరు వెర్నా. బ్రియోనీ వాళ్ళమ్మని."

ఆవిడ గొంతు పెంచలేదు. పక్కింటావిడతో చెబుతున్నట్టు చెప్పుకుపోయింది.

"లోపల వాళ్ళు తేలుస్తున్నన్ని రోజులూ నేను బయట బెంచీ మీద కూర్చున్నా. ఇంటికెళ్ళమ్మా, కబురు చేస్తాం అన్నారు. ఇంట్లో ఏముందని వెళ్ళను? ఒకరోజు మధ్యాహ్నం గోడ అవతల అందరూ నవ్వారు. మామూలుగా కాదు, పగలబడి నవ్వారు. నా బిడ్డని చెరువులోంచి తీసినప్పటి ఫొటోలు వాళ్ళ ముందే ఉన్నాయి. అయినా నవ్వారు. ఆ తీర్పైనా ఒక్కోరోజు మర్చిపోతాను గానీ, ఆ నవ్వు పోదు. అంట్లు తోముతుంటే వినపడుతుంది."

అంతలో ఆవిడ చూపు నన్ను దాటి టీ బల్ల మీద పడింది.

"అదిగో, నువ్వు! రెండో వరుస చివరి కుర్చీ. పేరు తెలీదు, మీకు నంబర్లే కదా. మొహం మాత్రం నెల రోజులు చూశాను."

నెవిల్ చేతిలో కప్పు అలాగే ఉంది.

"తీర్పు గురించి అడగను బాబూ. ఆ రోజు ఎందుకు నవ్వారో చెప్పు. ఇంకేం వద్దు నాకు."

నెవిల్ కప్పు బల్ల మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచాడు. ఆ తర్వాత ఆ మీటింగులో నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు. గోడ గురించే ఏదో వాగి ఉంటాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు ట్రక్కులో పట్టలేక అడిగేశాను.

"ఒక్కమాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"నేరం."

"కేసు గురించి మాట్లాడుకున్నది చెప్తే నేరం. నవ్వు కేసా? కావాలంటే మా లాయర్ని అడుగుతా."

"నీకు పుణ్యముంటుంది, వదిలెయ్ రోవీ."

"ఆవిడ తొమ్మిదేళ్ళుగా వింటోందయ్యా ఆ నవ్వు!"

"నేను వినట్లేదా?" అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

కానీ వదిలేసే రకం కాదు నేను. మా పని చూసే లాయర్ని అడిగాను. ఎవరేం వాదించారు, ఎవరు ఎటు ఓటేశారు, అవి చచ్చేదాకా చెప్పకూడదట. గదిలో కుర్చీ విరిగింది, పాలు విరిగాయి అని చెబితే ఎవరూ పట్టించుకోరట. అదే మాట నెవిల్‌కి చెప్పాను. కొన్నాళ్ళయ్యాక టైరు మసి కడుక్కుంటూ, నా వైపు తిరక్కుండానే అన్నాడు. "ఆ గది పడగొట్టేలోపు ఆవిణ్ణి అక్కడికి పిలువు. ఇంకెక్కడా నాకు నోరు రాదు."

వెర్నా గంటన్నర దూరం కారు నడుపుకుంటూ వచ్చింది. అదే నీలం కోటు. జ్యూరీ గదిలోకి రమ్మంటే వెంటనే రాలేదు. ముందు బయట నడవాలో బెంచీ మీద కూర్చుని, పక్కనున్న గోడని అరచేత్తో తట్టి చూసింది. డబడబమంది. అది గోడ కాదు, అట్ట. ఒకప్పుడు అదంతా ఒకటే పెద్ద గది. ఎవరో మహానుభావుడు మధ్యలో పల్చటి అడ్డు పెట్టి, అటు జ్యూరీనీ ఇటు కన్నతల్లినీ కూర్చోబెట్టాడు. ఆ గీత గీసినవాడు నా ఎదుటపడితే నాలుగు తిట్టి ఉండేదాన్ని.

తర్వాత ఆవిడ లోపలికి వచ్చింది. పొడుగు బల్ల, కుర్చీలు ఇంకా అలాగే ఉన్నాయి. నెవిల్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"కూర్చోండమ్మా" అన్నాడు.

"నువ్వు కూర్చో ముందు. నిలబడి చెబితే నాకు మెడ నొప్పి."

కూర్చున్నాడు. చేతులు రెండూ బల్ల మీద పెట్టుకున్నాడు.

"ఆ రోజు పొద్దున్నుంచీ మాలో ఒకావిడ ఏడుస్తోంది. పేరు చెప్పను. కాగితం రుమాళ్ళ డబ్బా అయిపోయింది. ఇంకో డబ్బా కావాలంటే బెల్లు కొట్టి గార్డుని పిలవాలి, ఆమె ఏమో సిగ్గుపడి వద్దంటోంది. మాలో ఒక ముసలాయన, గొర్రెలాయన, టాయ్‌లెట్‌లోకి వెళ్ళాడు. అక్కడ గోడకి బిగించిన పెట్టెలో చేతులు తుడుచుకునే గుడ్డ తువ్వాలు చుట్ట ఉండేది, లాగితే తిరిగే రకం. ఆమెకి కాస్త చింపి ఇద్దామని లాగాడు. రాలేదు. కాలు గోడకి తన్నిపెట్టి లాగాడు. పెట్టెతో సహా ఊడొచ్చింది. పెట్టె ఒళ్ళో, ఆయన నేల మీద, ఒంటినిండా ఉన్నిలా తువ్వాలు. 'అమ్మా, గొర్రెని తెచ్చాను, నువ్వే కత్తిరించుకో' అన్నాడు."

వెర్నా పెదవి ఒక పక్కకి వంగింది. నవ్వు రాబోయి ఆగింది.

"అంతేనా?"

"అంతేనమ్మా. ఆ ఏడుస్తున్నావిడే ముందు నవ్వింది. తర్వాత మేమందరం. ఆపుకోలేకపోయాం. ఎంతసేపో కాదు. తర్వాత మళ్ళీ ఏడ్చాం."

"అందరూనా?"

"చాలామంది. నేనూ ఏడ్చాను."

"ఏడుపు నాకు వినపడలేదు" అంది ఆవిడ, అబద్ధం ఆడుతున్నావా అన్నట్టు.

అక్కడ నేను కల్పించుకున్నాను. "వినపడదండీ. అంత పల్చటి గోడలోంచి గట్టి చప్పుళ్ళే బయటికొస్తాయి. మెల్లగా ఏడిస్తే ఇక్కడే ఉండిపోతుంది."

ఆవిడ ఆ గోడ వైపు చాలాసేపు చూసింది. భుజాలు కాస్త కిందికి దిగాయి. హమ్మయ్య అనుకున్నాను. ఆవిడ బతుకులోంచి ఒక ముల్లు తీసేశామనీ, నా మొగుడు కూడా ఈ రాత్రి కాస్త కన్ను మూస్తాడనీ ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. కారు దాకా దిగబెడదామని తాళాలు కూడా చేతిలోకి తీసుకున్నాను.

"ఎవరి కోసం ఏడ్చారు?" అంది వెర్నా.

నెవిల్ నా వైపు చూశాడు. అది చెప్పొచ్చో లేదో నేను లాయర్ని అడగలేదు.

"మీ అమ్మాయి కోసమే" అన్నాడు.

ఆవిడ తలూపింది. ఊపుతూ ఊపుతూ ఆగిపోయింది.

"అంటే మీకు తెలుసన్నమాట. వాడే చేశాడని మీకు తెలుసు."

నెవిల్ బల్ల మీది చేతులు ఒళ్ళోకి తీసుకున్నాడు.

"తెలిసీ, నా బిడ్డ కోసం ఏడ్చీ, వాణ్ణి వదిలేశారా?"

నెవిల్ నోరు తెరిచాడు. ఒక్క క్షణం, చెప్పేస్తాడనే అనుకున్నాను. చెప్పెయ్యమని లోపల లోపల మొక్కుకున్నాను కూడా.

"అది నేను చెప్పకూడదమ్మా" అన్నాడు. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే కారిపోతున్నాయి.

వెర్నా లేచి కోటు గుండీలు పెట్టుకుంది.

"నవ్వారనుకున్నన్నాళ్ళూ నాకు అదే నయంగా ఉండేది బాబూ. మనసు లేనోళ్ళ చేతిలో పడింది నా పిల్ల, నా ఖర్మ అనుకునేదాన్ని. రోజూ మీ పన్నెండు మందినీ తిట్టుకుంటూ అంట్లు తోముకునేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోమంటావు?"

కారు దాకా వెంట నడిచాను. రుజువులు లేకపోతే జ్యూరీ మాత్రం ఏం చేస్తుందండీ అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట ఏ తల్లికి చెబుతాం? ఆవిడ బెల్టు పెట్టుకుని, అద్దం దించింది.

"నీ మొగుడికి నిద్ర పడుతుందా అమ్మాయ్?"

"పట్టదండీ."

"సరే" అని కారు తీసింది.

నేను తిరిగి వెళ్ళేసరికి నెవిల్ ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తలెత్తాడు.

"చెప్పి తప్పు చేశానా రోవీ?"

తొమ్మిదేళ్ళలో ఆ గది గురించి అతను నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

"తెలీదు నెవిల్" అన్నాను. నా నోటికి ఏ చట్టమూ అడ్డం లేదు. నాకు నిజంగానే తెలీదు.