యాగంటి మొక్కు

ఆళ్లగడ్డలో ఆ ఏడు డాక్టరు చదువుకు దరఖాస్తు పెట్టింది ఇద్దరే పిల్లలు. ఇద్దరిదీ ఒకే వీధి. నంద్యాలలో ఒకే గదిలో ఉండి ఇంటర్ చదివారు. కమలాక్షమ్మ కొడుకు ఓబులేసుకు కర్నూలు మెడికల్ కాలేజీలో సీటొచ్చింది. రామేశ్వరమ్మ కొడుకు నరసింహులు పేరు వెయిటింగ్ లిస్టులో మొదట నిలిచింది. అంటే, సీటొచ్చినవాళ్లలో ఎవరో ఒకరు చేరకపోతేనే వీడికి దారి.

నోటిదాకా వచ్చిన కూడు నోట్లో పడదేమోనని రామేశ్వరమ్మకు ఒకటే దిగులు. పోస్టుమాన్ బాలస్వామి సైకిల్ గంట వినిపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి వాకిట్లోకి పరుగు! అతను తల అడ్డంగా ఊపి పోయేవాడు. ఆఖరికి యాగంటి పోయి మొక్కుకుంది.

"ఒక్కరన్నా తప్పుకునేటట్ల చూడు సామీ. మావోని తలెంటికలు నీకిస్తా."

తల్లి ఆశ, ఏం చేస్తాం! మద్రాసు కాలేజీలో కూడా సీటొచ్చినవాడెవడో తప్పుకుంటాడులే అనుకుందే గానీ ఆమె మనసులో పాపమేమీ లేదు.

కాలేజీలో చేరకముందే ఓబులేసు కేసీ కాలువలో ఈతకు దిగి మునిగిపోయాడు.

వాడి దినాలు అయ్యాక బాలస్వామి కవరు తెచ్చాడు. తలెత్తకుండా ఇచ్చి వెళ్లిపోయాడు.

"నాకీ సీటొద్దుమా," అన్నాడు నరసింహులు.

"వద్దంటే వాడు లేచొస్తాడా? దేవునికి బాకీ పడితే నువ్వు గూడా నాకు దక్కవురా. నోర్మూసుకోని పద," అంది రామేశ్వరమ్మ. ఆమెకు నిజంగానే భయం పట్టుకుంది.

యాగంటిలో గుండు గీయించి, తలకు తువ్వాలు చుట్టి, ఎవరి కంటా పడకుండా ఇంటికి తీసుకొస్తోంది. కమలాక్షమ్మ తన వాకిట్లోనే కూర్చుని ఉంది. నరసింహులును చూసి లేచి వచ్చింది, తల నిమరబోయింది. తువ్వాలు జారింది.

"మావోని కోసరం గుండు గీపిచ్చుకున్న్యావా నాయనా! తోడబుట్టినోళ్లు గూడా ఇంత చెయ్యర్రా! ఒసే రామేశ్వరీ, ఎట్లాంటి కొడుకును కన్న్యావే!"

ఆ నున్నటి తలను గుండెలకు అదుముకుని బావురుమంది. రామేశ్వరమ్మకు ప్రాణం చచ్చిపోయింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది.

"ఔ చిన్నమ్మా, వాని కోసరమే," అన్నాడు నరసింహులు, తల్లి వైపు చూడకుండా.

కమలాక్షమ్మ లోపలికి పోయి కొత్త ట్రంకుపెట్టె తెచ్చింది.

"మావోనికి కొన్న్యాం. మూత గూడా తెరవలా. నీకెప్పుడన్నా సీటొస్తే దీన్ని తీస్కపో నాయనా."

నరసింహులు ఆ పెట్టెతోనే కర్నూలు పోయి చేరాడు. సీటు సంగతి ఊరందరికీ తెలిసింది, మొక్కు సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు. రామేశ్వరమ్మ బతికినన్నాళ్లు చుట్టు తిరిగి పోయింది గానీ, ఆ వాకిలి ముందు మళ్లీ నడవలేదు.