ఆర్థర్ మీద పేపరు

రామచంద్రపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. అందులో వెంకటదుర్గ ఏడేళ్లుగా కాంట్రాక్టు మీద చరిత్ర చెబుతోంది. ఆ సోమవారం సెమినార్లో ఆమె చదవాల్సిన పేపరు అమెరికా ఇరవై ఒకటో అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ గురించి. జనం దాదాపు మరిచిపోయిన మనిషి. ఆయన్ని తక్కువగా అంచనా వేశారేమో అన్న అనుమానంతో రెండేళ్లు కూర్చుని రాసింది.

హాలు మెట్ల దగ్గర ఇంగ్లిషు లెక్చరర్ కృపారాణి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇవాళ అది చదవకు దుర్గా. ప్రిన్సిపాల్ పెద్దిరాజు గారూ కరస్పాండెంట్ గారూ ముందు వరసలోనే ఉన్నారు."

"ఉంటే ఏంటి?"

"ఏంటంటావేంటి? సిఫార్సుతో కుర్చీ ఎక్కినాయన కథ అది. పెద్దిరాజు గారు ఎలా వచ్చారో అందరికీ తెలుసు. ఆయన్నే అన్నావనుకుంటారు. శుక్రవారం పర్మనెంట్ పోస్టుకి నీ ఇంటర్వ్యూ కూడానూ."

జూన్‌లో కరస్పాండెంటే ఇద్దరు సీనియర్లను పక్కనబెట్టి పెద్దిరాజుని ప్రిన్సిపాల్ చేశాడు. దుర్గ పేపరు మొదలుపెట్టింది అంతకు చాలా ముందు. కానీ ఆ మాట ఎవరికి చెబుతుంది? చరిత్రలో ఉన్న ఒక్క పర్మనెంట్ పోస్టూ కరస్పాండెంట్ మేనకోడలు సుప్రియకేనని అప్పటికే చెప్పుకుంటున్నారు. చేతిలో వేరే పేపరు లేదు. వెళ్లి మైకు ముందు నిలబడింది.

న్యూయార్క్ కస్టమ్స్ ఆఫీసులో ఆర్థర్‌కి పెద్ద పదవి దక్కింది కాంక్లింగ్ అనే నాయకుడి చలవేనని చదివింది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కరస్పాండెంట్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. దుర్గ నీళ్లు తాగి మళ్లీ అందుకుంది. ఉద్యోగం రాలేదన్న కక్షతో ఒకడు అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ని కాల్చాడు. కొన్నాళ్లకి గార్‌ఫీల్డ్ పోతే, ఉపాధ్యక్షుడిగా ఉన్న ఆర్థర్ ఆ కుర్చీలోకి వచ్చాడు. కాంక్లింగ్ చెప్పినట్టల్లా ఆడతాడనుకున్నారంతా. ఆడలేదు. పైగా కొన్ని ప్రభుత్వోద్యోగాలు పరీక్ష పెట్టే ఇవ్వాలన్న చట్టం మీద సంతకం చేశాడు.

"అంటే, పైకి తెచ్చినవాడికి వెన్నుపోటు పొడిచాడు. అంతేగా?" అన్నాడు కరస్పాండెంట్.



"కాంక్లింగ్ గారూ అలాగే అనుకున్నారండి," అంది దుర్గ.

పెద్దిరాజు తలెత్తాడు. "ఆయన ఎందుకు మారాడో ఆధారం ఉందా మేడమ్?"

"గట్టిగా చెప్పలేమండి. పోయేముందు కాగితాలు తగలబెట్టించాడు. జూలియా శాండ్ అనే ఆవిడ ఆయనకి రాసిన ఉత్తరాలు మాత్రం మిగిలాయి. ఆవిడ ఎవరో ఆయనకి తెలీదు. గార్‌ఫీల్డ్ పోతున్నాడన్న దానికన్నా, ఆ చోట్లోకి మీరొస్తున్నారనే జనం ఎక్కువ బాధపడుతున్నారని రాసిందండి."

"అయితే గొప్పవాడంటారు."

"పూర్తిగా అననండి. చైనా కూలీలు దేశంలోకి రాకూడదన్న చట్టాన్ని ఇరవై ఏళ్లకని తెస్తే తిప్పి పంపాడు. పదేళ్లకని తెస్తే సంతకం పెట్టాడు. ఆ మచ్చ పోదు. అదీ రాశాను."

చప్పట్లు నలుగురైదుగురే కొట్టారు.

బుధవారం నోటీసు బోర్డు మీద ప్రిన్సిపాల్ సంతకంతో కాగితం పడింది. ఇంటర్వ్యూ కాదు, అందరికీ రాతపరీక్ష, బయటి కాలేజీవాళ్లు దిద్దుతారు అని. ఆ మధ్యాహ్నం కరస్పాండెంట్ ప్రిన్సిపాల్ గదిలో గంటసేపు ఉన్నాడు. అరుపులు స్టాఫ్ రూముదాకా వినిపించాయి. తలుపు తీసుకుని ఆయన విసురుగా వెళ్లిపోయాక అందరూ బోర్డు వైపు చూశారు. కాగితం అక్కడే ఉంది.

పరీక్షలో సుప్రియకి అయిదో స్థానం వచ్చింది. అన్నవరం నుంచి వచ్చిన ఉదయ్‌కుమార్‌కి మొదటిది. మూడు మార్కుల తేడాతో దుర్గది రెండో స్థానం.

పెద్దిరాజు ఆమెని పిలిపించాడు. మనిషి పది రోజుల్లోనే బాగా తగ్గిపోయాడు.

"వచ్చే ఏడు నన్ను ఉంచరండి. వెళ్లేలోపు మీకేమైనా చేద్దామంటే, ఇందులో నా చేతిలో ఏమీ లేకుండా నేనే చేసుకున్నాను."

"తెలుసండి," అంది దుర్గ. కళ్లు తుడుచుకోవడం ఆయన చూడకూడదని వెంటనే బయటికొచ్చేసింది.

సోమవారం ఉదయ్‌కుమార్ చేరాడు. కొత్తవాడికి క్లాసు ఎక్కడో తెలియదని దుర్గే మేడమీదికి తీసుకెళ్లింది. వరండాలో నిలబడి అతని పాఠం అయిదు నిమిషాలు విన్నది. బాగా చెబుతున్నాడు. అదే ఎక్కువ బాధ పెట్టింది, అదే కాస్త ఊరటగానూ ఉంది. తన క్లాసుకి టైమైందని గబగబా మెట్లు దిగింది.