పదిహేడో నంబరు చీటీ

ఆ తల్లీకూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం ఉంది. బడి గేటు దాటి లోపల అడుగుపెడితే అమ్మ అమ్మ కాదు, టీచర్. కూతురు కూతురు కాదు, పదిహేడో నంబరు. హాజరు పట్టీలో ఆ పిల్ల అంకె అది. ఏడో తరగతికి తానే క్లాసు టీచరని తెలిసిన రోజున, సొంత పిల్లని వెనకేసుకొస్తోందని ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆవిడ పెట్టిన షరతు. సాయంత్రం గేటు దాటి బయటికొస్తే మళ్ళీ అమ్మ, బుల్లి. మొదటి వారం పిల్లకిది ఆటలాగే ఉంది. నెల తిరిగేసరికి క్లాసు క్లాసంతా ఆమెని "పదిహేడూ" అని పిలవడం మొదలెట్టింది. మనమూ అలాగే పిలుద్దాం, ఎలాగూ ఈ కథ చాలావరకు గేటు లోపలే జరిగింది.

వెనకేసుకురాకపోవడం ఒక ఎత్తు, ఆవిడ చేసింది ఇంకో ఎత్తు. ఒక తప్పుకి అందరికీ ఒక మార్కు పోతే పదిహేడుకి రెండు పోయేవి. పదిహేడు చెయ్యెత్తితే ఆవిడ చూపు పక్క బెంచీ మీదికి జారేది. ఇదంతా ఆ పిల్ల పళ్ళ బిగువున ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది కొత్తమ్మాయిని.

కొత్తమ్మాయి వచ్చి ఎనిమిది నెలలైనా ఆ పేరు మాత్రం పాతబడలేదు. తండ్రి వంతెనలు కట్టే ఇంజనీరు. వంతెన ఎక్కడుంటే కాపురం అక్కడ. ఆ పిల్లకిది అయిదో బడి. వచ్చిన రోజు చివరి బెంచీలో గోడవైపు తిరిగి కూర్చుంది. లెక్కలు కాగితం మీద మాస్టారికంటే ముందే చేసేసేది గానీ, పాఠం చదవమంటే పెదాలు కదిలేవే తప్ప గొంతు పెగిలేది కాదు. టీచరు రోజూ భోజనాల గంటలో ఆ పిల్లని స్టాఫ్ రూముకి తీసుకెళ్ళి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఒక్కో పేరా చదివించేది.

ఆ కిటికీ బయటే చేతులు కడుక్కునే కుళాయి. పదిహేడు చేతులకి అంత మురికి ఎప్పుడూ లేదు గానీ, అక్కడ చాలాసేపే నిలబడేది. లోపల్నించి అమ్మ గొంతు వినిపించేది.

"ఏం భయం లేదు తల్లీ, మళ్ళీ చదువు."

తల్లీ. ఆ మాట వింటే పదిహేడుకి ఒళ్ళు మండిపోయేది. ఇంట్లో తనకి ఆ పిలుపు జ్వరం వస్తే తప్ప దక్కదు. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో. ఆ పిల్లకేమో ఏ జ్వరమూ లేకుండా రోజూ. తనకి పొట్టిదైపోయిన ఊదారంగు స్వెటరు ఒకరోజు కొత్తమ్మాయి ఒంటిమీద కనిపించింది. పదిహేడుకి అది ఎలాగూ పట్టదు, అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు. అది అసూయే, దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. కొత్తమ్మాయి నవ్వినా, దగ్గినా, పెన్సిలు చెక్కుకున్నా పదిహేడుకి కంటగింపుగానే ఉండేది.

చూస్తుండగానే ఏడాది చివరికొచ్చింది. పరీక్షలయ్యాయి. లైబ్రరీ పుస్తకాలు తిరిగొచ్చాయి, కొన్ని అట్టల్లేకుండా. గోడల మీది చార్టులు ఊడదీస్తే వాటి కింద రంగు వెలవని చతురస్రాలు బయటపడ్డాయి. కొత్తమ్మాయి వాళ్ళ నాన్న వంతెన కూడా పూర్తయింది. చివరి రోజు తర్వాత రెండ్రోజుల్లో వాళ్ళ ప్రయాణం. ఈ వార్త విని పదిహేడు లోలోపల సంబరపడింది, పైకి మాత్రం అయ్యో అంది.

ఆ బడిలో ఒక పద్ధతుంది. ఏడాది చివర ప్రోగ్రెస్ కార్డులో, మార్కుల కింద ఖాళీ గడిలో, ప్రతి పిల్ల గురించీ క్లాసు టీచరు రెండు మూడు వాక్యాలు రాయాలి. అవి పెద్ద టీచరు చూశాక ఆఫీసులో టైపు చేస్తారు. వరసగా అచ్చయి వచ్చిన కాగితాల్ని చీటీలుగా కత్తిరించి, ఎవరిది వాళ్ళ కార్డులో అతికించాలి. అంచున అంకె ఉంటుంది. కత్తిరించేటప్పుడు అది పోతుంది.

సరిగ్గా ఆ వారమే జవాబు పత్రాల కట్టలు బీరువా పైనుంచి దించబోయి టీచరు కుడి మణికట్టు బెణికింది. కట్టు కట్టిన చేత్తో కత్తెర పట్టలేదు. సాయంత్రం టీ తాగాక కార్డులూ కాగితాలూ కత్తెరా జిగురు సీసా భోజనాల బల్ల మీద పెట్టి, కూతుర్ని పిలిచి, కాసేపు తటపటాయించింది.

"ఇవి నువ్వు చూడకూడనివి. కానీ నువ్వు చదవవని నాకు తెలుసు. తలొంచుకుని కత్తిరించి అతికించెయ్యి బుల్లీ" అని చెప్పి, స్నానానికి వెళ్ళింది.

పదహారు చీటీల దాకా బుల్లి నిజంగానే చదవలేదు. పదిహేడోది చేతికొచ్చాక చదవకుండా ఉండటం ఎవరి తరం? ఏడాదంతా గేటు లోపల చెప్పలేని మాట ఏదో అమ్మ ఇక్కడ దాచి ఉంటుందని ఆ పిల్ల నెలరోజులుగా ఆశపడుతోంది. చీటీలో ఇలా ఉంది: "క్రమశిక్షణ గల విద్యార్థిని. లెక్కల్లో ఇంకా శ్రద్ధ పెట్టాలి. చేతిరాత మెరుగుపడాలి."

అంతే. వెనక్కి తిప్పి చూసింది. వెనక తెల్లకాగితం.

అప్పుడు నలభై ఒకటో నంబరు వెతికింది. ఆలస్యంగా వచ్చింది కాబట్టి కొత్తమ్మాయిది పట్టీలో చివరి అంకె. చీటీ కూడా చివరిదే, అన్నిటికంటే పెద్దది.

"మొదటి రోజు నువ్వు గోడవైపు తిరిగి కూర్చున్నావు. ఈరోజు నలభైమంది ముందు నిలబడి చదువుతున్నావు. ఇది నేను ఇచ్చింది కాదు తల్లీ, నువ్వు తెచ్చుకున్నది. ఏ ఊరెళ్ళినా, ఏ బడిలో చేరినా నీ గొంతు దాచుకోకు."

ప్రోగ్రెస్ కార్డులో కూడా తల్లీ. బుల్లి కళ్ళలో నిప్పులు పడ్డాయి. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగేలోపు ఆ చీటీ పదిహేడో కార్డులోకీ, పదిహేడుది నలభై ఒకటో కార్డులోకీ చేరిపోయాయి. గోడవైపు కూర్చున్నది తాను కాదని ఆ పిల్లకి తెలియదా? తెలుసు. ఆ కార్డుని ఎవరికీ చూపించక్కర్లేదనుకుంది. తన బట్టల అరలో అడుగున పెట్టుకుంటే చాలు. కొత్తమ్మాయి ఎలాగూ ఊరొదిలి పోతోంది, ఎవరొచ్చి అడుగుతారు?

మర్నాడు ఆఖరి గంటలో టీచరు కార్డులన్నీ పంచిపెట్టింది. ఎప్పుడూ కవర్లో పెట్టి ఇళ్ళకి పంపేసేవారు. ఈసారి ఎవరి చీటీ వాళ్ళు లేచి నిలబడి పైకి చదవాలంది. ఎందుకో పదిహేడుకి వెంటనే అర్థమైంది. ఆఖరున నలభై ఒకటో నంబరు లేచి, తన గురించి రాసింది తన గొంతుతో చదువుతుంటే వినాలని అమ్మకి ఉంది.

ఒకటి, రెండు, మూడు. నవ్వులు, చప్పట్లు. తన వంతు వచ్చింది. లేచి, కార్డు మొహానికి అడ్డం పెట్టుకుని, అందులో లేని మాటలు అప్పజెప్పింది. క్రమశిక్షణ గల విద్యార్థిని, లెక్కల్లో ఇంకా శ్రద్ధ పెట్టాలి, చేతిరాత మెరుగుపడాలి. ఆ ముక్కలు రాత్రంతా చెవుల్లో మోగుతూనే ఉన్నాయి కాబట్టి తడుముకోనక్కర్లేకపోయింది. టీచరు తలూపింది. పదిహేడు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

నలభై ఒకటి అనేసరికి టీచరు కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది. కొత్తమ్మాయి లేచింది. ఊదారంగు స్వెటరు చేతులు సవరించుకుని, స్టాఫ్ రూములో నేర్చుకున్నట్టే తలెత్తి, స్పష్టంగా చదివింది.

"క్రమశిక్షణ గల విద్యార్థిని. లెక్కల్లో ఇంకా శ్రద్ధ పెట్టాలి. చేతిరాత మెరుగుపడాలి."

లెక్కల్లో నూటికి నూరు వచ్చిన పిల్ల. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. కొత్తమ్మాయి మాత్రం ఒక్క అక్షరం తడబడలేదు. చదవడం అయ్యాక టీచరు మొహంలోకి చూసింది, ఇంకేమైనా ఉందేమోనని. ఏమీ లేదు. మెల్లగా కూర్చుని గోడవైపు తిరిగింది.

టీచరు కళ్ళు కొత్తమ్మాయి మీంచి పదిహేడు మీదికొచ్చి ఆగిపోయాయి. అరవలేదు, లేవలేదు. ఆ చూపు కింద పదిహేడుకి తల కొట్టేసినట్టయింది. అయినా ఆ పిల్లని లేపింది ఆ చూపు కాదు, గోడవైపు తిరిగిన ఆ వీపు.

"టీచర్, ఆ చీటీ నాది. ఆమెది నా దగ్గరుంది. నేనే మార్చాను" అని, కార్డు తెరిచి చదవబోయింది. "మొదటి రోజు నువ్వు..."

కొత్తమ్మాయి లేచి బెంచీల మధ్యనుంచి నడిచొచ్చి చెయ్యి చాపింది.

"నాది కదా. నేను చదువుకుంటాను."

అక్కడే నిలబడి, మొదటినుంచి చివరిదాకా చదివింది. తల్లీ అన్నచోట ఒక్క క్షణం ఆగింది. అయ్యాక చప్పట్లు కొట్టాలని కూడా ఎవరికీ తోచలేదు. గంట కొట్టాక టీచరు తడిబట్టతో చీటీలు రెండూ ఊడదీసి, ఎడంచేత్తో మళ్ళీ అతికించింది. కొంచెం వంకరగా వచ్చాయి. కొత్తమ్మాయి తన కార్డు గుండెకి హత్తుకుని, పదిహేడువైపు చూడకుండానే వెళ్ళిపోయింది.

గేటు దాటారు. బస్టాపు దాకా నడిచారు. కూతురే ఆగలేక అడిగింది, నా గురించి రాయడానికి నీకు ఇంకేమీ దొరకలేదా అమ్మా అని.

"అది నేను రాసింది కాదు" అంది తల్లి. "సొంత పిల్ల గురించి టీచరు రాయకూడదని రూలు. నీది లెక్కల మాస్టారు రాశారు."

అమ్మ చెయ్యని తప్పుకి ఆవిడ మీద బుల్లి రాత్రంతా రగిలిపోయింది. ఆ కోపంలో చేసిన పని మాత్రం ఇక వెనక్కి తీసుకోలేనిది.

"నేనూ రాశాను" అంది తల్లి, రోడ్డువైపు చూస్తూ. "తీసుకోమని బతిమాలాను కూడా. పెద్ద టీచరు ఒప్పుకోలేదు."

"ఏం రాశావు?"

అంత దూరాన బస్సు మలుపు తిరుగుతోంది.

"తనది కానిదాన్ని ముట్టుకోదు అని రాశాను."

బస్సు వచ్చి ఆగింది. తల్లి కట్టు లేని చేత్తో కూతురి సంచీ అందుకుంది.

"ఎక్కు తల్లీ" అంది.

ఏడాదంతా ఎదురుచూసిన మాట. బుల్లి తలెత్తలేకపోయింది.