భాగ్యశ్రీకి చేరని కబురు

భాగ్యశ్రీ బడిలో చేరిన వారానికే అక్షిత లేచి ఆమె పక్కన కూర్చుంది. ఒకటో తరగతి నుంచి ఆరో తరగతి దాకా అక్షిత పక్కన చోటు మెర్సీదే. బెంచీ మీద ముగ్గురికీ జాగా ఉంది గానీ, చివరన కూర్చోవడం మనసొప్పక మెర్సీ వెనక్కి పోయింది. ముందర ఆ రెండు తలలూ దగ్గరగా వంగి గుసగుసలాడుతుంటే ఆమెకు పాఠం చెవికెక్కేది కాదు.

భాగ్యశ్రీ వాళ్ల నాయినకు ఆలేరు రైల్వే స్టేషన్‌లో కొలువు. ఖో-ఖోలో ఆ పిల్ల ఎవరి చేతికీ చిక్కదు. "భాగ్య ఎట్ల తప్పించుకున్నదో చూసినవా?" అని అక్షిత మెర్సీనే అడిగేది. మెర్సీ చూసింది. చూడకుండా ఉండలేకపోయింది.

ఖో-ఖో మండల జట్టు ఎంపిక శనివారం అనుకున్నారు. బుధవారం బడి విడిచాక ఆటల సారు పరశురాములు మెర్సీని పిలిచాడు.

"ఎంపిక రేపు పొద్దున ఏడింటికే బిడ్డా. అక్షితకు, భాగ్యశ్రీకి జర చెప్పు. ఆ పిల్ల నాయిన ఫోను కలుస్తలేదు."

మెర్సీ అక్షితకు చెప్పింది. భాగ్యశ్రీ వాళ్లుండే రైల్వే క్వార్టర్ల మలుపు దాకా పోయి, కాసేపు నిలబడి, ఇంటికి తిరిగి వచ్చేసింది.

మర్నాడు అక్షిత, మెర్సీ ఎంపికయ్యారు. తొమ్మిదింటికి వచ్చిన భాగ్యశ్రీ సంగతి విని నల్లా దగ్గరకు పోయి, చాలాసేపు మొహం కడుక్కుంది.

"చెప్పలేదా?" అంది అక్షిత.

"పోయిన. తాళమేసి ఉండె," అంది మెర్సీ.

సాయంత్రం ఆరేళ్ల చెల్లెలు గ్రేస్‌కు జరిగిందంతా చెప్పేసింది.

"సారు కొట్టిండా?"

"లే."

"మరి తప్పెట్లయితది? నీ దోస్తును గుంజుకున్నది గదా. నేనైతే ఆమెకు చాక్లెట్ బిళ్ల గూడ ఇయ్య."

నిన్న తాను అనుకున్నవీ ఆ మాటలే. అవి చెల్లెలి నోట వింటుంటే మెర్సీకి సిగ్గేసింది.

శుక్రవారం భాగ్యశ్రీ తానే దగ్గరికొచ్చింది. "మొన్న మా ఇంటికి వచ్చినవంట. తాళమేసి అవ్వను దవాఖానకు తీస్కపోయినం. నీకు ఊకనే తిప్పలైంది."

చెప్పిన అబద్ధం నిజమై కూర్చుంది. ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. అక్షిత పక్కనే నిలబడి ఉంది.

"నేను రాలే," అంది మెర్సీ. "మలుపు కాడికెల్లి వాపస్ పోయిన. నువ్వు ఆడొద్దనుకున్న."

అక్షిత భాగ్యశ్రీ చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకుపోయింది.

మెర్సీ సారు దగ్గరకు పోయి ఉన్నదున్నట్టు చెప్పి, తన పేరు తీసి భాగ్యశ్రీ పేరు రాయమంది. సారు జట్టు జాబితా తీశాడు. "రాస్త. మళ్ల ఏడ్వొద్దు."

"ఏడ్వ సార్."

పోటీల రోజు ఆటోలో అక్షిత, భాగ్యశ్రీ పక్కపక్కనే కూర్చున్నారు. మెర్సీ గేటు దగ్గర నిలబడి చూసింది. ఇప్పటికీ ఆ చోటు తనదేననిపించింది. ఏడవలేదు గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

మరో తొమ్మిది రోజులకు అక్షిత మాట్లాడింది, అదీ రబ్బరు అడగడానికి. అది భాగ్యశ్రీ కోసమని తెలిసే మెర్సీ ఇచ్చింది.