గొడవల్లేని బడి

మా బడిలో ఏడాదిగా "హింస వద్దు" క్లాసులు నడుస్తున్నాయి. కోపమొస్తే కళ్ళు మూసుకుని సముద్రాన్ని తలుచుకోమంటారు. మా కారంపూడి పక్క పిల్లల్లో సముద్రం చూసినోడు ఒక్కడూ లేడు. ఆ క్లాసులు ఎంత పనిచేశాయో తేల్చడానికి నిన్న గుంటూరు నుంచి ఒక సార్ కారేసుకుని వచ్చాడు. ఇక్కడే సోషల్ చెప్పే నన్ను మాట వరసకైనా అడక్కుండా నేరుగా తొమ్మిదో తరగతిలోకి పోయాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"ఈ ఏడాది గొడవలేమైనా జరిగాయా?"

"లేదు సార్!" క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

"నూటికి నూరు శాతం సక్సెస్, మేడమ్," అన్నాడు నా వంక తిరిగి.

నాకు ఒళ్ళు మండింది. ముందు బెంచీలో పిండికట్టుతో కూర్చున్న వంశీని లేపాను. "చెయ్యేమైందో సార్‌కి చెప్పరా."

"కోటిగాడు కర్రతో కొట్టాడు సార్," అన్నాడు, పక్కనే ఉన్న కోటిని చూపిస్తూ.

కోటి లేచి తలమీద కుట్లు చూపించాడు. "ముందు వీడే రాయేశాడు సార్."

సార్ బిత్తరపోయాడు. "మరి గొడవల్లేవన్నారేంటి?"

"ఇది గొడవేంది సార్, ఊరికే కొట్టుకున్నాం," అన్నాడు వంశీ నొచ్చుకుంటూ. "గొడవంటే పోలీసు వ్యాన్లు రావాలి, కొట్లు మూయించాలి, మా నాన్నోళ్ళు ఊరొదిలి పోవాలి."

"అట్లాంటివి మీరెవరూ చెయ్యలేదుగా?" సార్ గొంతులో మళ్ళీ ఆశ.

"ఎట్టా చేస్తాం సార్? మాకింకా ఓటు రాలేదుగా!"