ఏడో పటం వాలు

రసమట్టంలోని బుడగ ఇవాళ కూడా ఎడమపక్కకే పోయింది.

ఓదెలు స్టూలు మీద నిలబడి, పటం పైఅంచున పెట్టిన ఆ బెత్తెడు ఇనుప పనిముట్టును ఒంటికన్నుతో చూశాడు. పటం కుడివైపు దిగింది. ఫ్రేము వెనక వేలు పెట్టి తడిమాడు. అనుకున్నట్టే అట్టముక్క. నాలుగు మడతలు వేసి, పటం జారకుండా గోడకూ ఫ్రేముకూ మధ్య దోపి ఉంది. దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నిన్నటిదీ మొన్నటిదీ కలిపి ఇది మూడోది. పటాన్ని సరిచేశాడు. బుడగ రెండు గీతల నడుమకు వచ్చి ఆగింది.

"ఎవడో గాని, కావాలనే చేస్తుండు."

స్టూలు పట్టుకుని నిలబడ్డ చంద్రమ్మ తల ఎత్తింది. "నన్ను జూస్తవేంది? నేల తుడుసుడు సాలక గీ పని గూడ పెట్టుకున్ననా?"

"నిన్నన్ననా?"

"నోటితోని అనలే. కండ్లతోని అన్నవ్."

అబద్ధం కాదు. రెండింటికి అతని కాపలా డ్యూటీ దిగిపోతే ఆమె పొద్దుగూకేదాకా ఉంటుంది. ఆమె తుడుపుకర్ర పటం దాకా అందుతుంది. మెడలో కార్డులు వేలాడేసుకుని, లిఫ్టు కోసం నిలబడి, పటాలను చూసి నవ్వుకునే కుర్రాళ్ల మీద అతనికి ఇంకా అనుమానం.

మాదాపూర్ బండల మధ్య కొత్తగా లేచిన ఆ అద్దాల భవనంలో పటాల ప్రదర్శన పెట్టి ఇది నాలుగో రోజు. ఇరవై రెండు పటాలు. అన్నీ చతురస్రాలు, త్రికోణాలు, సగం వలయాలు. ఏడోదానిలో బూడిదరంగు చతురస్రం లోపల ఇంకో చతురస్రం, దాని అడుగున సన్నటి ఎర్రగీత. పటాన్ని సరిచేశాక ఆ గీత కాస్త వంకరగా కనిపించేది. గీసినామెకు చెయ్యి అదిరిందేమోనని ఓదెలు జాలిపడ్డాడు. కాని ఫ్రేమే ఒరిగి ఉండటం అతనికి పంటికింద రాయిలా ఉండేది.

బాలానగర్‌లో ఇరవై మూడేళ్లు అతను ఫిట్టరు. యంత్రం కాళ్ల కింద రేకుముక్కలు దోపి, నూలువాసి తేడా లేకుండా కూర్చోబెట్టేవాడు. ఫ్యాక్టరీకి తాళం వేసిన రోజు గేటు దగ్గర అందరి టిఫిన్ డబ్బాలూ తెరిపించి చూశారు. అతని డబ్బాలో తినని అన్నం ఉంది. అన్నం కింద రసమట్టం ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. పుట్టి బుద్ధెరిగాక అతను దొంగిలించింది అదొక్కటే. ఇప్పుడు పనివాళ్ల డబ్బాలు తెరిపించి చూడటం అతని వంతు. అన్నం మిగిలిన డబ్బా కనిపిస్తే మాత్రం రెండోసారి చూడడు. మూత పెట్టుకొమ్మంటాడు.

పదకొండు గంటలకు సూపర్‌వైజర్ రాజేందర్ వచ్చాడు. అతని వెనక నలభై దాటిన ఒకావిడ, నీలం నేతచీరలో, చేతిలో కొలత టేపుతో వచ్చింది. చిత్రకారిణి జయంతి. రోజూ సాయంత్రాలే వస్తుంది కనుక ఓదెలు ఆమెను చూడటం ఇదే మొదలు. ఆమె నేరుగా ఏడో పటం ముందుకు వెళ్లింది.

"చూశారా, మళ్లీ సమం చేసేశారు! మొదట అదే జారిందనుకున్నానండి. అట్టముక్క కూడా మాయమవుతోందంటే ఎవరో పనిగట్టుకుని చేస్తున్నట్టేగా? పటం ఒరిగితేనే ఆ ఎర్రగీత నేలకు సమంగా వస్తుందండి. ఆ వాలు కుదరడానికి నాకు రెండు నెలలు పట్టింది."

ఓదెలు ఎర్రగీత వైపు చూశాడు. చెవులు వేడెక్కాయి.

రాజేందర్ అప్పటికే చంద్రమ్మను పిలిచాడు. "తుడిసేది నువ్వే, దులిపేది నువ్వే. ఇంకెవలు ముడతరు? రేపటి సంది రాకు."

"నా చెయ్యి తాకితే ఒట్టు, సార్."

"మరి ఎవల చెయ్యి?"

రోజూ స్టూలు పట్టుకున్నది చంద్రమ్మే. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని ఓదెలు ఎదురుచూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల వైపే చూస్తూ నిలబడింది.

ఓదెలు జేబులోంచి మూడు అట్టముక్కలూ తీసి అరచేతిలో పెట్టి చాపాడు.

"నేనే, అమ్మా. వంకరున్నదని సక్కగ పెట్టిన."

జయంతి ఆ ముక్కలను చూసింది. "రోజూనా? ఎందుకండీ?"

"జూసి ఊకోలేకపోయిన."

"ఓదెలన్నా, బొమ్మల మీద చెయ్యెయ్యద్దని మొదలే చెప్పిన్నా లేదా?" అన్నాడు రాజేందర్.

"పోనివ్వండి రాజేందర్ గారూ, తెలియక చేశారు," అంది జయంతి.

"మీరు రాసిచ్చిన కంప్లైంట్ పొద్దుగాలనే పైకి పోయింది మేడం. ఎవలో ఒకల పేరు రాయాలె."

జయంతి స్టూలెక్కి పటాన్ని ఒరిగించబోయింది. వాలు కుదరడం లేదు. కింద నిలబడ్డ ఓదెలు చూస్తూ అన్నాడు. "జర దింపున్రి. ఇంకొంచెం. ఆగున్రి, గంతే. గిట్లనే ఉండె."

ఆమె అట్ట దోపి దిగింది. ఓదెలు స్టూలెక్కి, రసమట్టాన్ని ఎర్రగీతకు తగలకుండా దాని ముందు పట్టుకున్నాడు. బుడగ సరిగ్గా నడుమ నిలిచింది. చాలాసేపు అలాగే పట్టుకుని చూశాడు.

"మంచిగ కుదిర్చినవమ్మా. నేనే గీతకు గాక ఫ్రేముకు పట్టి సూసిన," అన్నాడు.

తర్వాత టోపీ, బెల్టు, ఈల బల్ల మీద పెట్టాడు. రిజిస్టర్‌లో టైము వేసి సంతకం చేశాడు. గుమ్మం దగ్గర ఎవరూ అడగకుండానే టిఫిన్ డబ్బా మూత తీశాడు. అన్నం ముట్టనే లేదు.

"సాలు, పెట్టుకో అన్నా," అన్నాడు రాజేందర్.

"కింద గూడ సూడాలె, సార్."

తనే వేళ్లతో అన్నాన్ని ఒక పక్కకు జరిపి చూపించాడు. కింద డబ్బా అడుగు తప్ప ఏమీ లేదు. మూత పెట్టుకుని, ఎండలోకి దిగి, బాలానగర్ బస్సు ఆగే వైపు నడిచాడు.

ఏడో పటం పైఅంచున అతను వదిలిన రసమట్టం ఉండిపోయింది. దాని బుడగ ఎడమపక్కకు జరిగి, అక్కడే నిలిచింది.