సగం లుంగీ

పత్తికట్టె మంట పెనం అంచు దాటి పైకి లేస్తుంటే ఉచ్చీరమ్మ ఒక కట్టెను వెనక్కి లాగి, పిండిముద్దను పీట మీద పెట్టి తట్టడం మొదలుపెట్టింది. కుడిచేత్తో తట్టడం, ఎడమచేత్తో తిప్పడం. రొట్టె పీటంత అయింది, అంచు ఎక్కడా చీలలేదు. రెండు అరచేతుల మీదికి తీసుకుని పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన తుడిచింది. ఇదంతా ఆమెకు కళ్ళు మూసుకున్నా వచ్చే పనే. చప్పుడే వేరుగా ఉంది. తట్టినప్పుడల్లా గలగలమనే గాజులు పెద్దల అమావాస్య నాడు పోయాయి. అప్పటినుంచి ఆమె చేసే ప్రతి రొట్టే పక్కింట్లో ఇంకెవరో చేస్తున్నట్టు వినిపిస్తోంది.

నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముంజేతుల మీద పెనం కాల్చిన మచ్చలు వరసగా ఉంటాయి. గాజులున్నప్పుడు అవి కనపడేవి కావు. నొసట కుంకుమ ఉండిన చోట ఇప్పుడు ఉత్త విభూతి. మెడలో దారానికి కట్టిన లింగం తప్ప ఇంకేమీ లేదు.

ఈ రొట్టెలు సముద్రం మీద తినడానికి. మామూలు రొట్టె కాలితే తీసేస్తారు. ఇవి అట్లా కాదు. సన్నని సెగ మీద గుడ్డతో అదిమి అదిమి, నీళ్ళ తడంతా పోయి అప్పడంలా పెళపెళలాడేదాకా ఉంచాలి. అట్లా చేస్తే నెలైనా బూజు పట్టవు. నాలుగు రోజులుగా చేస్తూనే ఉంది. రేకు డబ్బాలు నిండాయి, చెనక్కాయల పొడి మూటలు కట్టేసింది. ఈ పూటతో పని అయిపోతుంది. సాయంత్రం మెయిలు బండికి అందరూ మద్రాసు పోవాలి, అక్కడ ఓడ ఎక్కాలి. ఆ అందరిలో తానూ ఉంది. అది తలుచుకుంటే భయమో సంతోషమో ఆమెకే తెలియలేదు.

ఈ ప్రయాణం మాట శ్రావణంలో మొదలైంది. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే సావుకారి శరణప్పకు, పక్క వీధి సావుకారి కాశీకి పోయి వచ్చి ఫోటో పటం కట్టించుకున్నప్పటినుంచి కంటి మీద కునుకు లేదు. తానూ కాశీకే పోతే ఏం గొప్ప? సముద్రం దాటాలి. ఓడ కంపెనీ చీటీలు అతికించిన పెట్టెలతో ఆదోని స్టేషన్లో దిగాలి. కొత్త పత్తి మండీకి రాకముందే, కార్తీకం దాటగానే పోయి రావాలని పట్టుబట్టాడు. మద్రాసు నుంచి యాత్రల కంపెనీ ఏజెంటును పిలిపించాడు. ఆ ఏజెంటు నడవలో చాప మీద బొమ్మల పుస్తకం పరిచి, బర్మా దేశమంతా అరచేతిలో పెట్టి చూపించాడు.

"మీరు చేతులూపుకుంటూ నడిస్తే చాలండీ. దారి చూపించడానికీ, వాళ్ళ భాష మాట్లాడడానికీ మా మనిషి వెంటే ఉంటాడు. రంగూన్లో బంగారు గోపురం, అక్కడినుంచి నది మీద పడవలో మాండలే. మాండలే బజారు చూడకపోతే బర్మా చూసినట్టే కాదు," అన్నాడు.

మజ్జిగ చెంబుతో వచ్చిన ఉచ్చీరమ్మ అక్కడే నిలబడిపోయింది. చెంబు చేతిలో ఒరిగి మజ్జిగ చాప మీద పడింది. సావుకారి భార్య తాయమ్మ గట్టిగా కసిరింది.

ఉచ్చీరమ్మ మొగుడు ఎమ్మిగనూరులో నేతగాడు. మంచి చెయ్యి. గళ్ళ లుంగీలు నేసి, ప్రతి లుంగీ చివర అంచులో రెండు ఎర్ర పోగులు వేసేవాడు. అది అతని గుర్తు. నూలు దొరకని ఒక కరువు ఏడు మగ్గం ఆగిపోయింది. రంగూన్లో మన లుంగీలకు మంచి గిరాకీ ఉందని ఎవరో చెబితే మూట నెత్తిన పెట్టుకుని పోయాడు. "పంటల నాటికి వస్తా" అన్నాడు. తర్వాత యుద్ధం వచ్చింది, రంగూను మీద బాంబులు పడ్డాయి. నడిచొచ్చిన వాళ్ళు వచ్చారు, దారిలో చచ్చిన వాళ్ళు చచ్చారు. అతను ఈ రెండు లెక్కల్లోనూ లేడు. అత్తను ఎమ్మిగనూరులో ఆడబిడ్డ దగ్గర ఉంచి, ఉచ్చీరమ్మ ఆదోని వచ్చి సావుకారి ఇంట్లో వంటకు చేరింది. రెండు ఇళ్ళ వాళ్ళూ లింగధారులే, ఒకే మఠం వాళ్ళు కాబట్టి ఆమె చేతి కూడు వాళ్ళకు చెల్లింది. ఏళ్ళు పొయ్యిలో కట్టెల్లా పోయాయి.

యుద్ధం ముగిశాక, పటాలంలో వంట చేసి వచ్చిన యేసేపు అనే ఎమ్మిగనూరు మనిషి ఒక మాట చెప్పాడు. "మాండలే బజార్లో లుంగీలమ్మే మనిషిని సూసినానక్కా. మన మాటే మాట్లాడినాడు. గడ్డం పెరిగిండాది, వాడో కాదో గట్టిగా సెప్పలేను. పలకరిద్దామంటే మా లారీ కదిలిపాయ." అంతే. ఆ ఒక్క మాటను పట్టుకుని ఉచ్చీరమ్మ ప్రతి ఉగాదికి గాజులు మార్చుకుంటూ బతికింది.

ఆ రోజు మజ్జిగ తుడుస్తూ ఉండగానే తాయమ్మ మొదలుపెట్టింది. "ఆడ నీళ్ళు కూడా సేపల వాసనేనంట. నేను తినేదా సచ్చేదా? వంటమనిషి లేకుంటే నేను రాను, మీరే పోండి." శరణప్ప నవ్వి, "దానికేముండాది, ఉచ్చీరమ్మను తోడుకొని పోదాం" అన్నాడు. ఆ మాటకు ఆమె గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే తాయమ్మకు వినపడుతుందేమోనని చెంబును ఎదకు అదుముకుంది.

కానీ ఏజెంటు ఆమె చేతుల వైపు చూశాడు. "ఈవిడ భర్త ఎక్కడుంటారు? పాస్‌పోర్టుకు ఆయన ఒప్పుకుని సంతకం పెట్టాలి. లేదా ఆయన పోయారని ఊరి పెద్దలు రాసివ్వాలి. రెండిట్లో ఒకటి కావాలమ్మా."

ఎవరిని వెతకడానికి పోవాలో అతని సంతకం ఎట్లా తెచ్చేది? శరణప్ప మాత్రం చిటికెలో తేల్చేశాడు. "పోయినాడని రాయించుకొని రా మే. కాయితం మీద రాస్తే సస్తారా యెవురైనా?"

ఎమ్మిగనూరులో కరణం అంత తేలిగ్గా తీసుకోలేదు. "సేతినిండా గాజులేసుకొని వచ్చి మొగుడు సచ్చినాడని రాయమంటే ఎట్ల రాసేదమ్మా? రేపు వాడొచ్చి నిలబడితే నా గతేం గాను? సెయ్యాల్సింది సేసి రా, ఊరంతా సూస్తాది, అప్పుడు రాస్తా." అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. తప్పు ఎవరిదని అడిగితే ఉచ్చీరమ్మకు ఈనాటికీ తెలియదు.

ఏం చేయాలో తోచక ఆమె అత్త ముందు కూలబడి ఏడ్చింది. ముసలామెకు చూపు పోయి చాలా కాలమైంది. కోడలు చెప్పిందంతా వింది. తర్వాత చెయ్యి చాపి కోడలి మణికట్టు వెతికి పట్టుకుంది.

"గాజులదేముండాదమ్మీ, మళ్ళా ఏసుకోవచ్చు. నువ్వు పోయి వాన్ని పిల్సుకొని రా. వాడొచ్చినంక నేనే ఏపిస్తా, సేతులు పట్టనన్ని."

పెద్దల అమావాస్య నాడు ఆమే రాయి తీసుకుని కోడలి గాజులు పగలగొట్టింది. కనపడదు కదా, ఒక దెబ్బ తప్పి మణికట్టు మీద పడింది. ఇద్దరిలో ఎవరు ముందు ఏడ్చారో చెప్పలేం.

ఆ రోజే శవానికి బదులు జొన్నదంటుతో మనిషి బొమ్మ కట్టారు. లింగధారుల్లో శవాన్ని పూడ్చేది కూర్చోబెట్టే కాబట్టి బొమ్మనూ కాళ్ళు మడిచి కట్టారు. అతను మగ్గం మీద ఆఖరున నేసిన పచ్చగళ్ళ లుంగీని ఉచ్చీరమ్మ అన్నాళ్ళూ పెట్టెలో దాచుకుంది. దాన్ని బొమ్మకు కప్పాలన్నాడు కర్మ చేయించడానికి వచ్చిన జంగమయ్య. ఆమె లుంగీని నడిమికి చింపి, ఒక సగం బొమ్మకు చుట్టింది. ఎర్ర పోగులున్న సగం తన దగ్గరే ఉంచుకుంది. మాండలే బజార్లో గడ్డం పెరిగిన మనిషి ఎదురైతే మాటతో పనిలేకుండా ఇది చూపించాలి. మట్టి పోస్తుంటే ఊరి ఆడవాళ్ళు శోకాలు పెట్టారు. ఉచ్చీరమ్మ మాత్రం లోపల్లోపల అతనికి చెప్పుకుంటూనే ఉంది. ఇదంతా ఉత్తిదేలే, నీకోసమే, కోపం తెచ్చుకోవద్దు.

కరణం రాసిచ్చాడు. పాస్‌పోర్టు వచ్చింది.

ఆఖరి రొట్టె దించి డబ్బాలో పెట్టి, ఉచ్చీరమ్మ మూత బిగించింది. పొయ్యి ఆర్పి, అలికి, చేతులు కడుక్కుంది. నడవలో పెట్టెలు వరసగా పెట్టి ఉన్నాయి. సావుకారి ఇంట్లో ప్రయాణమంటే పటాలం కదిలినట్టే. పరుపుచుట్టలు, కూజాలు, గొడుగులు, ఊరగాయ జాడీలు. తన గుడ్డమూట తెచ్చి వాటి పక్కన, కొంచెం ఎడంగా పెట్టింది.

తాయమ్మ వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. కొత్త చీర కట్టుకుంది. ముఖం చూడకుండా డబ్బాల వైపు చూస్తూ అడిగింది.

"అన్నీ అయినాయా?"

"అయినాయమ్మా."

"పొడి?"

"అదీ అయింది."

తాయమ్మ ఊపిరి వదిలింది. "సూడు ఉచ్చీరమ్మా, నువ్వేమీ అనుకోవద్దు. మా సెల్లెలు వస్తాంది వంటకు. సముద్రం మీద పోయేది. పెద్దలంతా అంటాండారు, సూతకం ఏడాదన్నా తీరకుండా నిన్ను ఎంట పెట్టుకొని పోతే మంచిది కాదంట. ఇంట్లో అయితే నాకేం పట్టింపు లేదు, ఇన్ని దినాలూ నీ సేతి కూడే తింటిమి కదా."

ఉచ్చీరమ్మకు మొదట అర్థం కాలేదు. "మీ సెల్లెలికి కాయితాలు కావొద్దా అమ్మా?"

"అయినాయిలే. మొన్న దీపావళికే వచ్చినాయి."

దీపావళి అంటే పెద్దల అమావాస్య అయిన సరిగ్గా నెలకు. కాగితాలు అంత తొందరగా రావు. అంటే ఈమె చేతులు బోడి అయిన రోజునుంచే వాళ్ళు అటు ఏర్పాటు చేసుకున్నారు. నాలుగు రోజులుగా రొట్టెలు చేస్తుంటే వచ్చి చూసి, ఇంకొంచెం కాల్చమని కూడా చెప్పిపోయారు. రొట్టెలు అయ్యేదాకా ఎవరూ నోరు విప్పలేదు. ఎంత మంచి మనుషులో!

"అమ్మా, ఆయన సావలేదు," అంది ఉచ్చీరమ్మ. "మీకు తెలుసు కదా. మీరు సెప్తేనే కదా నేను..."

"తెలుసులే తల్లీ. కానీ తాళి తీసినంక తీసినట్టే కదా. ఊరు సూసె, మన్ను పోస్తిరి."

ఉచ్చీరమ్మ నేల మీద కూర్చుండిపోయింది. వెతకడానికి పోవాలని మొగుణ్ణి చంపుకుంది. చంపుకుందని వెతకడానికి పోనివ్వడం లేదు. ఎటు తిప్పి చూసినా రెండు అరచేతుల మధ్య రొట్టెలా అక్కడికే వస్తోంది. ఎమ్మిగనూరులో గుడ్డి అత్త పగలంతా గడపలో కూర్చుని రోజులు ఎంచుకుంటూ ఉంటుంది. ఆమెకు ఏం చెప్పాలి? ఏడుద్దామంటే కన్నీళ్ళు రాలేదు. గుండెలో ఎవరో మన్ను పోసినట్టుంది.

శరణప్ప గడియారం చూసుకుంటూ వచ్చాడు. ఆమెను చూసి అతనికి కొంచెం జాలి వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. "ఊరికే దిగులుపడొద్దు మే. మేము మాండలే పోతాము కదా, మేమే ఎతుకుతాము. బజారంతా ఏజెంటుతో కేక ఏపిస్తా. ఏం పేరో సెప్పు."

పేరు అతనికి తెలియక కాదు, ఆ గడియకు మరిచిపోయాడు. పెళ్ళయిన నాటినుంచి ఉచ్చీరమ్మ ఆ పేరు పలకలేదు. ఎవరడిగినా పక్కనున్న వాళ్ళతో చెప్పించేది. తాయమ్మ డబ్బాలు ఎంచుకుంటోంది, ఇప్పుడు వంటింట్లో చెప్పించడానికి ఇంకెవరూ లేరు.

"నాగలింగప్ప," అంది. ఇంకోసారి, గట్టిగా, దూరాన ఉన్న మనిషిని పిలిచినట్టు, "నాగలింగప్ప" అంది.

నడవలోనుంచి తన మూట తెచ్చి, విప్పి, పచ్చగళ్ళ సగం లుంగీ తీసి రెండు చేతులతో సావుకారికి ఇచ్చింది. "ఇది సూపించప్పా. ఈ ఎర్ర పోగులు సూస్తే ఆయనకు తెలుస్తాది. అమ్మ కండ్లు పోయినాయని సెప్పు. నా సేతులు... నా సేతుల సంగతి సెప్పొద్దు."

శరణప్ప తీసుకున్నాడు. "అట్లేలే, అట్లేలే" అన్నాడు. తాయమ్మ ఆ గుడ్డ వైపు చూసి ఒకడుగు వెనక్కి వేసింది.

జట్కాలు వచ్చాయి. బయలుదేరేటప్పుడు ఎదురు పడకూడదు కాబట్టి ఉచ్చీరమ్మను పెరట్లో ఉండమన్నారు. పనిలో పనిగా అంట్లు తోమమన్నారు. ఆమె బావి గట్టు దగ్గర పెనం ముందు వేసుకుని బూడిదతో రుద్దుతూ కూర్చుంది. వీధిలో టెంకాయ కొట్టిన చప్పుడు, చక్రం కింద నిమ్మకాయ చితికిన చప్పుడు, ఎవరో నవ్విన చప్పుడు వినపడ్డాయి. గుర్రాల డెక్కల శబ్దం స్టేషను వైపు పోయి, తగ్గి, ఆగిపోయింది. ఆమె పెనం రుద్దుతూనే ఉంది. చాలాసేపటికి మెయిలు కూత వినపడింది.

అప్పుడు చీపురు తీసుకుని వాకిలి ఊడ్వడానికి ముందుకొచ్చింది. అరుగు మీద, స్తంభం పక్కన, పచ్చగళ్ళ గుడ్డ మడత పెట్టినట్టే ఉంది. ఎర్ర పోగుల అంచు పైకి కనపడుతోంది. గాలికి ఎగిరిపోకుండా ఎవరో దాని మీద చిన్న రాయి కూడా పెట్టి పోయారు.